గుర్రం డబ్బా గేదెకు పనిచేయదు

(పాడి రైతుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



‘పశువులకు అమైనో ఆమ్లాల పొడులు, టానిక్కులు ఎంచుకోవడం ఎలా’ అన్న అంశం మీద మాట్లాడమని సంఘం నాయకులు నాకు చెప్పారు. ఈ హాల్లో పాడి రైతులే ఎక్కువ. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే సభ్యులు కూడా నలుగురైదుగురు వచ్చారు. వాళ్లూ మీరూ పక్కపక్కన కూర్చోవడం ఈ అంశానికి బాగా కుదిరింది. ఎందుకంటే మీరంతా వెళ్లేది ఒకే రకం మందుల షాపుకి. అక్కడ అరలో ఉండే డబ్బా మీద గుర్రం బొమ్మ ఉంటుంది, పక్కనే గేదె బొమ్మ, ఆ పక్కన కోడి బొమ్మ. ‘అమైనో ఆమ్లాలు సమృద్ధిగా కలవు’ అని పెద్ద అక్షరాలు. మూడింటికీ ఇదే పొడి పనిచేస్తుందని ఆ బొమ్మల అర్థం.

అది నిజం కాదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. గుర్రానికి నిజంగా ఉపయోగపడే లైసిన్ పొడి, అదే పొడి, అదే మోతాదు, గేదెకు వేస్తే యూరియా వేసినంత ఫలితమే ఇస్తుంది. ధర మాత్రం యూరియా ధర కాదు.

ముందు ఈ అమైనో ఆమ్లాలంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, సుమారు 20 రకాల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో సగం దాకా శరీరం తనంతట తాను చేసుకోగలదు. మిగతా సగం మేతలోంచి రావాల్సిందే. వాటిలో లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్ అనే మూడు తరచుగా తక్కువ పడుతుంటాయి. ఒకటి తక్కువైతే మిగతావి ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు పదివేలు దించి, సిమెంటు పది బస్తాలే తెచ్చారనుకోండి. గోడ ఎక్కడ ఆగుతుంది? సిమెంటు అయిపోయిన చోట ఆగుతుంది. మిగిలిన ఇటుకలు అలా పడి ఉంటాయి. ఒంట్లో అయితే పడి కూడా ఉండవు, విరిగిపోయి యూరియాగా మారి మూత్రంలో పోతాయి.

వరి, మొక్కజొన్న, గోధుమ వంటి గింజల్లో లైసిన్ తక్కువ. పప్పు జాతి గింజల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మనం అన్నంలో పప్పు కలుపుకునేది రుచి కోసమే అనుకుంటాం గానీ, లెక్క కూడా సరిపోతుంది. జట్కాబళ్ల రోజుల్లో గుర్రానికి తవుడులో ఉడికించిన ఉలవలు కలిపి పెట్టేవాళ్లు. వాళ్లకు లైసిన్ పేరు తెలియదు. పని మాత్రం సరిగ్గా అదే చేశారు. ఉలవలు ఉడికించడంలో కూడా తెలివి ఉంది. పచ్చి పప్పు గింజల్లో ప్రోటీన్ అరగకుండా అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఉడికిస్తే అవి పోతాయి. ఎడ్లకు ఉలవలు పెట్టి, ఉడికించిన నీళ్లతో మనం చారు కాచుకున్నాం. ఇప్పుడు ఉలవచారు హోటళ్లలో దొరుకుతోంది, ఎడ్లే దొరకడం లేదు.

గుర్రం సంగతి

గుర్రాలున్న సభ్యుల కోసం ముందు వాళ్ల విషయం చెబుతాను. గేదెలున్నవాళ్లు కూడా వినండి, తేడా ఇక్కడే తెలుస్తుంది.

గుర్రానికి మనలాగా ఒకటే కడుపు. అది చిన్నది. మేత కడుపులోంచి చిన్న పేగుకు వస్తుంది. ప్రోటీన్ అక్కడే విడిపోయి, అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి వెళుతుంది. పీచు మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు గుర్రానికీ ఉన్నాయి, కానీ అవి ఉండేది చిన్న పేగు దాటాక, వెనక ఉన్న పెద్ద పేగులో. అవి తయారు చేసే ప్రోటీన్ చాలావరకు లద్దెతో బయటకు పోతుంది. కాబట్టి మీరు దాణాలో వేసిన లైసిన్, ఏ సూక్ష్మజీవీ ముట్టుకోకముందే గుర్రం రక్తంలో కలుస్తుంది. పొడి పనిచేస్తుందనడానికి కారణం ఇదే.

ఎంత కావాలి? అమెరికాలో జాతీయ పరిశోధన మండలి 2007లో గుర్రాల పోషక అవసరాల పట్టికలు ప్రచురించింది. చాలా దేశాల్లో వాటిని వాడుతున్నారు. 500 కిలోల పెద్ద గుర్రం పనేమీ లేకుండా నిలబడి ఉంటే రోజుకు 630 గ్రాముల ప్రోటీన్ కావాలి, అందులో 27 గ్రాములు లైసిన్ ఉండాలి. మన ఊరేగింపు గుర్రాలు అంత బరువుండవు. 250, 300 కిలోల గుర్రానికి 14 నుంచి 16 గ్రాములు చాలు. కిలో ఉలవల్లో 15 గ్రాములకు పైనే లైసిన్ ఉంటుంది. ఉలవలు ముప్పావు కిలో, కొంచెం గోధుమ పొట్టు, కడుపునిండా గరిక లేదా మంచి ఎండుగడ్డి తినే పెద్ద గుర్రానికి అమైనో ఆమ్లాల డబ్బా అవసరం లేదు. ఆ డబ్బుతో పళ్లు చూపించండి, నట్టల మందు తాగించండి. అరిగిపోని కొనలు చెంపకు గుచ్చుకుంటున్న గుర్రానికి ఏ పొడి పోసినా ఒళ్లు పట్టదు.

మరి ఎవరికి అవసరం? పిల్లకు, పాలిచ్చే తల్లికి. అవే పట్టికల్లో పెద్దయ్యాక 500 కిలోలు అయ్యే జాతి గుర్రప్పిల్ల ఆరు నెలల వయసులో 215 కిలోలు ఉంటుంది. దానికి కావలసిన లైసిన్ రోజుకు 29 గ్రాములు. ఒంటి బరువు సగం కూడా లేదు, అవసరం మాత్రం పెద్ద గుర్రం కన్నా ఎక్కువ. ఈనిన మొదటి నెలలో తల్లికి 85 గ్రాములు. మామూలు రోజులకు మూడు రెట్లు. ఈ రెండు సందర్భాల్లో తవుడు, గడ్డి మీద నడిపిస్తే లోటు ఖాయం. పిల్ల ఎదగదు, తల్లి ఎముకలు తేలుతుంది. ఇక్కడ లైసిన్ పొడి కొనడంలో అర్థం ఉంది.

కొనేటప్పుడు డబ్బా ముందు వైపు చూడకండి, వెనక్కి తిప్పండి. ‘18 అమైనో ఆమ్లాలు’ అని పేర్లన్నీ రాసి అంకెలు రాయకపోతే దాన్ని అక్కడే పెట్టేయండి. ఏ ప్రోటీన్‌ను ముక్కలు చేసినా ఆ పేర్లన్నీ వస్తాయి, శనగపిండి పొట్లం మీద కూడా అలా రాసుకోవచ్చు. మనకు కావలసింది లైసిన్ ఎన్ని గ్రాములు, ఆ తర్వాత థ్రియోనిన్, మెథియోనిన్ ఎన్ని గ్రాములు అన్నదే. ఉత్త లైసిన్‌గా అమ్మేది లైసిన్ హైడ్రోక్లోరైడ్. అందులో అసలు లైసిన్ నూటికి 78 పాళ్లు. అంటే 6 గ్రాముల లోటు పూడ్చాలంటే 8 గ్రాముల పొడి వేయాలి. అదే 6 గ్రాములు పావు కిలో కన్నా తక్కువ సోయా చెక్కలో కూడా వస్తాయి. వేయించిన సోయా చెక్క కిలోకు దాదాపు 28 గ్రాముల లైసిన్ ఇస్తుంది, దాంతోపాటు మిగతా అమైనో ఆమ్లాలూ వస్తాయి. మీ ఊళ్లో రెండింటి ధరలూ అడిగి, గ్రాము లైసిన్ ఎందులో చవకో మీరే వేసుకోండి. ఏది వేసినా ఒక్క పూటే కుమ్మరించకుండా రెండు మూడు పూటలుగా, తడిపిన తవుడులో కలిపి పెట్టండి.

కండ పెరగడానికని లూసిన్, వాలిన్ కలిపిన ఖరీదైన పొడులు, గుర్రాన్ని నెమ్మది చేస్తుందని చెప్పి ట్రిప్టోఫాన్ అమ్ముతుంటారు. పందెపు గుర్రాల మీద కూడా వీటి మేలు స్పష్టంగా రుజువు కాలేదు. బాజాలకు, టపాసులకు బెదిరే గుర్రానికి కావలసింది అలవాటు చేయడం.

ఇంకొక్క మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. ప్రోటీన్ ఎక్కువ ఉంటుంది కదా అని కోళ్ల దాణా గుర్రానికి పెట్టకండి. కోళ్ల దాణాలో రక్తపారుడు రాకుండా మొనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి పనికొచ్చే ఆ మోతాదు గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేస్తుంది. విరుగుడు లేదు. కోళ్ల ఫారం పక్కనే గుర్రాన్ని కట్టేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

గేదె పొట్టలో ఏం జరుగుతుంది

ఇప్పుడు గేదె దగ్గరికి వద్దాం. గేదెకు కడుపు నాలుగు అరలు. మేత ముందుగా పడేది వంద లీటర్లకు పైగా పట్టే పెద్ద పొట్టలో. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. ప్రోటీన్ రాగానే అందులో ఎక్కువ భాగాన్ని అవి విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ అమ్మోనియాతో, మేతలోని పిండి పదార్థాల శక్తితో తమ సొంత ప్రోటీన్ కట్టుకుంటాయి. తర్వాత ఆ సూక్ష్మజీవులే కిందికి కొట్టుకుపోయి చిన్న పేగులో అరిగిపోతాయి. గేదెకు అందే ప్రోటీన్‌లో సగానికి పైగా ఈ సూక్ష్మజీవులదే. మనం పెట్టేది గేదె దాణా అనుకుంటాం. నిజానికి మొదటి బంతి వాటిది, గేదెది రెండో బంతి.

అలాంటి చోట ఉత్త లైసిన్, మెథియోనిన్ పొడి పోస్తే కొద్ది గంటల్లో అది అమ్మోనియా అవుతుంది. లైసిన్ పేరుతో కొన్నది నత్రజనిగా మిగులుతుంది. యూరియాలో ఉన్నదీ అదే నత్రజని. నేను మొదట చెప్పిన మాటకు అర్థం ఇది.

దీనివల్ల గేదెకు నష్టమేమీ లేదు. సూక్ష్మజీవుల ప్రోటీన్ చాలా మంచి ప్రోటీన్. అందులో లైసిన్ పాళ్లు వేరుశనగ చెక్కలో కన్నా రెండింతలు ఉంటాయి, పాల ప్రోటీన్‌కు దగ్గరగా ఉంటుంది. అంటే గేదె తన పొట్టలోనే లైసిన్ ఫ్యాక్టరీ పెట్టుకుని తిరుగుతోంది. ఫ్యాక్టరీకి ముడిసరుకు పంపడం మానేసి, బజార్లో తయారైన సరుకు కొని దాని గేటు ముందే పారబోయించడం, టానిక్కు వ్యాపారం అంటే ఇదే.

మోతాదు లెక్క కూడా చూద్దాం. ఉదాహరణకు ఒక సీసా మీద ప్రతి 10 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల లైసిన్ అని రాసి, రోజుకు 50 మిల్లీలీటర్లు తాగించమన్నారనుకుందాం. రోజుకు 250 మిల్లీగ్రాములు, అంటే పావు గ్రాము. రోజుకు 8 లీటర్లు ఇచ్చే గేదె పాలలో సుమారు 320 గ్రాముల ప్రోటీన్ పోతుంది. పాల ప్రోటీన్‌లో నూటికి 8 పాళ్లు లైసిన్, కాబట్టి 25 గ్రాముల లైసిన్ రోజూ పాలతో బయటకు వెళుతోంది. మీరు పోసింది పావు గ్రాము. నూటికి ఒకటి. అది కూడా పెద్ద పొట్ట దాటితే కదా! కిలో వేరుశనగ చెక్కలో 15 గ్రాముల లైసిన్ ఉంటుంది. ఆ లైసిన్ ఎన్ని గుప్పెళ్ల చెక్కతో సమానమని లెక్క వేయబోకండి. ఒక గుప్పెడు కూడా రాదు.

‘డాక్టరు గారూ, పోసిన తర్వాత పాలు పెరిగాయి కదా’ అని చాలామంది అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. టానిక్కు పోసేది ఎప్పుడు? ఈనిన వెంటనే. ఈనిన గేదె ఏ టానిక్కూ లేకుండానే ఆరు, ఎనిమిది వారాల వరకు రోజురోజుకూ పాలు పెంచుతుంది. అది దాని స్వభావం. సీసా ఆ రెండు నెలల్లోనే అమ్ముతారు, పేరు సీసాకు వస్తుంది. మూడో నెలలో పాలు తగ్గడం మొదలైతే ‘మీరు పోయడం ఆపేశారు, అందుకే’ అంటారు. ఇంకో సీసా కొంటారు. పక్కపక్కనే ఈనిన రెండు గేదెల్లో ఒకదానికి పోసి ఒకదానికి మానేసి, రోజూ కొలిచి రాసి చూడండి. షాపువాడి మాటా వద్దు, నా మాటా వద్దు.

కొన్ని సీసాల్లో భాస్వరం, రాగి, జింకు, విటమిన్లు కూడా ఉంటాయి. అవి నిజంగా లోటున్న పశువుకు మేలు చేస్తాయి. కానీ ఆ మేలు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమంతో కూడా వస్తుంది. దానికి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం ఉంది, ఐ.ఎస్. 1664. ఆ నంబరు చూసి కొనండి.

అయితే ఏం పెట్టాలి

వరిగడ్డిలో ప్రోటీన్ నూటికి మూడు నాలుగు పాళ్లే. మేతలో ఏడు పాళ్లకు తగ్గితే పెద్ద పొట్టలో సూక్ష్మజీవులే పస్తుంటాయి. వట్టి వరిగడ్డి మీద ఉన్న గేదెకు సీసా పోయడం కంటే ఆ గడ్డినే బాగుచేయడం తెలివైన పని. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక వాసన పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. గుర్రాలకు అసలే వద్దు, యూరియాను ప్రోటీన్‌గా మార్చుకునే పొట్ట వాటికి ముందు వైపు లేదు. యూరియాను చేతి అంచనాతో దాణాలో వేయకండి. కొలత తప్పితే గంటల్లో పశువు పోతుంది.

పప్పు జాతి పచ్చిమేత ఇంకా మంచిది. అలసంద, లూసర్న్, దశరథ గడ్డి, అవిశ ఏదైనా సరే. గట్ల మీద పెరిగేది, గాబుకు నాలుగు కొమ్మలు విరిచి వేసేది. సుబాబుల్ కూడా మంచిదే కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. దాంట్లో మిమోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, అది విషం. ‘అమైనో ఆమ్లం’ అన్న మాట వినగానే ఒంటికి మంచిదని అనుకోకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు. సుబాబుల్ ఎక్కువ తిన్న గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. నెమరు వేసే పశువుల పొట్టలో సరైన బ్యాక్టీరియా ఉంటే ఆ విషాన్ని విరగ్గొడుతుంది. ఆస్ట్రేలియా పశువుల్లో ఆ బ్యాక్టీరియా లేక నష్టం జరుగుతుంటే, హవాయి మేకల పొట్టలోంచి తెచ్చి వాటికి పట్టించారు. గుర్రానికి హాని చేసిన ఆకు గేదెకు మేత కావడానికి, గుర్రానికి పనిచేసిన పొడి గేదెకు వృథా కావడానికి కారణం ఒకటే. పొట్టలో ఎవరు ముందు తింటున్నారన్నదే.

రోజుకు పది లీటర్లు దాటి ఇచ్చే పశువు సంగతి వేరు. దానికి సూక్ష్మజీవుల ప్రోటీన్ ఒక్కటే చాలదు. పెద్ద పొట్టలో తొందరగా విరగని ప్రోటీన్ కొంత కావాలి. పత్తి చెక్క సహజంగానే కొంత నిలుస్తుంది, వేరుశనగ చెక్క తొందరగా కరిగిపోతుంది. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ నూనెగింజల చెక్కలను ప్రత్యేకంగా శుద్ధి చేసి ‘బైపాస్ ప్రోటీన్’ దాణా తయారు చేసే పద్ధతిని దేశంలో ప్రచారంలోకి తెచ్చింది. అలాంటి దాణా మీ పాల సంఘంలో దొరికితే ఎక్కువ పాలిచ్చేవాటికి వాడండి. ఇంట్లో ఫార్మాలిన్ కలిపి సొంతంగా చేయాలని చూడకండి. ఇక కొవ్వు పూత పూసిన లైసిన్, మెథియోనిన్ గుళికలు నిజంగానే పెద్ద పొట్ట దాటతాయి. అవి రోజుకు పాతిక లీటర్లు ఇచ్చే సంకరజాతి ఆవుల మందలకు తయారైనవి. డబ్బా మీద ‘రూమెన్ ప్రొటెక్టెడ్’ అని లేకపోతే అది పూత లేని పొడే. ఉన్నదాన్ని కొన్నా నూరకూడదు, వేడి జావలో కలపకూడదు. పూత పోయాక మిగిలేది మామూలు పొడి.

దూడ మాత్రం గుర్రం లాంటిది. పుట్టిన తొలి వారాల్లో పెద్ద పొట్ట పనిచేయదు, తాగిన పాలు దాన్ని తప్పించుకుని నేరుగా అసలు కడుపులోకి వెళతాయి. దూడకు అమైనో ఆమ్లాలు నేరుగా అందుతాయి. కాబట్టి దూడకు టానిక్కు పోయమంటారా అని అడుగుతారేమో. లీటరు గేదె పాలలో 40 గ్రాముల ప్రోటీన్, 3 గ్రాముల పైన లైసిన్ ఉంటుంది. ఇందాకటి సీసాలో అంత లైసిన్ రావాలంటే అర లీటరుకు పైగా తాగించాలి. దూడ నోటి దగ్గర లీటరు పాలు తగ్గించి కేంద్రానికి పోసి, ఆ డబ్బుతో దూడకు టానిక్కు కొంటున్న ఇళ్లు నేను చాలా చూశాను. ముర్రుపాలు పుట్టిన గంట, రెండు గంటల్లోపే పట్టించండి. పెయ్య దూడ అయితే రేపటి గేదె అదే.

ఈ సరుకు ఎవరు అమ్ముతున్నారు

లైసిన్‌ను బ్యాక్టీరియాతో చక్కెరను పులియబెట్టి తయారు చేస్తారు. ప్రపంచంలో కొద్ది కంపెనీల చేతిలోనే ఉన్న వ్యాపారం ఇది. 1990 దశకం మొదట్లో అమెరికా కంపెనీ ఆర్చర్ డేనియల్స్ మిడ్లాండ్, జపాన్, కొరియా కంపెనీలు రహస్యంగా హోటళ్లలో కూర్చుని ధర ఇంత, నీ వాటా ఇంత అని పంచుకున్నాయి. ఆ కంపెనీ ఉన్నతాధికారి ఒకరు పోలీసులకు చెప్పడంతో చాలా సమావేశాలు టేపుల్లో రికార్డయ్యాయి. పోటీదారులే మన మిత్రులు, కొనుగోలుదారులే శత్రువులు అన్న అర్థం వచ్చే మాట కంపెనీ అధ్యక్షుడి నోటే ఆ టేపుల్లో ఉంది. 1996లో ఆ కంపెనీ నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది, అందులో 7 కోట్లు లైసిన్ కేసుకే. ఆ పెంచిన ధర కోళ్ల దాణాలోనూ, పందుల దాణాలోనూ కలిసి చివరికి రైతు మీద పడింది. ఎవరికీ విడిగా బిల్లు రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

దాణా బస్తా మీద ‘ముడి ప్రోటీన్ 20 శాతం’ అన్న అంకెను కూడా నమ్మకంగా చూడొద్దు. పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. యూరియాలో నత్రజని 46 శాతం, గుణిస్తే 287 శాతం ‘ప్రోటీన్’ వస్తుంది! అందుకే నాసిరకం తవుడులో యూరియా కలిపితే కాగితం మీద అంకె పెరుగుతుంది. చైనాలో 2008లో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపింది కూడా ఇదే లెక్కను మోసగించడానికి. అనుమానం ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. గుప్పెడు దాణాలో చెంచాడు పచ్చి సోయా గింజల పిండి, గోరువెచ్చని నీళ్లు కలిపి మూత పెట్టి గంట ఆగండి. యూరియా ఉంటే అమ్మోనియా వాసన ముక్కుకు తగులుతుంది, ఎర్ర లిట్మస్ కాగితం నీలమవుతుంది. అందుకే యూరియా ఉన్న దాణాలో పచ్చి సోయా ఎప్పుడూ కలపకూడదు.

గేదె పాలకు డెయిరీలు ప్రధానంగా వెన్న శాతం చూసి ధర కడుతున్నాయి. పాలలో ప్రోటీన్ పెంచుతామని సీసా అమ్ముతున్నారు. పెరిగిందే అనుకున్నా, దానికి పైసా కట్టేవాడు ఎవరు? కొనేటప్పుడు ప్రోటీన్‌కు డబ్బు కడుతున్నాం, అమ్మేటప్పుడు వెన్నకు తీసుకుంటున్నాం. దీని మీద సంఘం పాల కంపెనీలను నిలదీయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద చట్టం తెచ్చారు. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, బస్తా దించిన రోజు నమూనా తీసి పరీక్షకు పంపే మనిషి మండలంలో ఉండాలి. ప్రతి డబ్బా మీద తెలుగులో, రోజు మోతాదులో లైసిన్ ఎన్ని గ్రాములు, మెథియోనిన్ ఎన్ని గ్రాములు, ఏ పశువుకు, పూత ఉందా లేదా అని రాయాలని మనం అడగాలి. ఇది పెద్ద కోరిక కాదు. ఎరువు బస్తా మీద నత్రజని ఎంతో రాస్తున్నప్పుడు పశువు నోట్లో పోసేదాని మీద రాయడానికి ఏమి కష్టం?

వచ్చే తరగతికి ఎవరి పాకలో ఉన్న సీసా, ఎవరి ఇంట్లో ఉన్న డబ్బా వాళ్లు తీసుకురండి. ఖాళీవైనా సరే, కాగితం చిరగకుండా ఉంటే చాలు. కొన్న ధర, ఎన్ని రోజులు వచ్చిందో ఒక చీటీ మీద రాసి అంటించండి. బల్ల మీద వరుసగా పెట్టి, గ్రాముకు ఎంత పడిందో అందరం కలిసి లెక్క కడదాం. గుర్రాలవాళ్లు ఒక వైపు, గేదెలవాళ్లు ఒక వైపు.